చాదస్తం కాదు, పస్తు

జ్ఞాపకశక్తిని పెంచే పది ఆహారాల జాబితా ఒకటి ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ నలుగురు వేర్వేరు బంధువుల దగ్గరనుంచి, నాలుగూ వాట్సాపులోనే. అక్రోటు గింజ చూడటానికి మెదడులా ఉంటుంది కనుక మెదడుకు మంచిదట. (ఆ లెక్కన గుమ్మడికాయ దేనికి మంచిదో ఎవరూ వ్రాయలేదు.) పసుపు, బాదం, కొబ్బరినూనె, సరస్వతి ఆకు, ఆవునెయ్యి, ఇంకా పేరు పలకడం రాని విదేశీ పళ్ళు రెండు మూడు. పంపినవారిలో ఒకరి తల్లిగారికి డెబ్భై ఆరేళ్ళు. ఆ ఇంట్లో నేను భోజనం చేశాను. ఆవిడ కంచంలో ఏముంటుందో నాకు తెలుసు. గుప్పెడు మెత్తటి అన్నం, మూడింతలు నీళ్ళు కలిపిన మజ్జిగ, ఒక ఊరగాయ బద్ద. రాత్రికి అదీ లేదు, అరచేతిలో పట్టేంత ఉప్మా.

నా తగవు ఆ జాబితాతో కాదు. ఆ జాబితాకూ ఈ కంచానికీ మధ్య ఉన్న దూరంతో. మన ఇళ్ళలో మతిమరుపు మొదలైన పెద్దవాళ్ళందరికీ తిండే కారణమని నేను అనను. అలా అనడం అబద్ధమవుతుంది. కానీ వారిలో కొందరి మెదడు మందగించడానికి కారణం కంచంలో దివ్యౌషధం లేకపోవడం కాదు, ఉండవలసిన మామూలు తిండి లేకపోవడం. అది పరీక్షలో తేలే లోపం. చాలావరకు సరిదిద్దగల లోపం. మనం దానికి పరీక్ష చేయించకుండా పేరు పెట్టేశాం. ఆ పేరు చాదస్తం.

ఈ మాట పుట్టుక చూడండి. ఛందస్సు అంటే వేదం. వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. గౌరవంగా మొదలైన మాట లోకజ్ఞానం లేనివాడనే అర్థంలోకి జారి, జనం నోట చాదస్తమై, ఇప్పుడు డెబ్భై దాటినవారు చెప్పే ప్రతి రెండో మాటకూ మనం తగిలించే చీటీ అయింది. చెప్పిందే చెబితే చాదస్తం. పాలు పొయ్యిమీద పెట్టి మరిచిపోతే చాదస్తం. ఊరికే చిరాకుపడితే చాదస్తం. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, దూది మీద నడిచినట్టుంది అంటే అదీ చాదస్తమే. ఈ చివరి ఫిర్యాదు నాడీవైద్యులకు బాగా తెలిసిన లక్షణం. వెన్నుపాములో వెనకభాగపు నరాలు దెబ్బతిన్నప్పుడు రోగులు సరిగ్గా ఆ మాటే అంటారు. దానికి ముఖ్యకారణాల్లో ఒకటి బి12 విటమిను లోపం. ఇంగ్లండులో వైద్యులు ఈ వెన్నుపాము జబ్బును వివరంగా వ్రాసిపెట్టింది 1900లో. నూట పాతికేళ్ళు దాటింది.

బి12 సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. దీన్ని మొక్కలు తయారుచేయలేవు, జంతువులూ చేయలేవు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు. ఆ సూక్ష్మజీవుల ద్వారా పశువుల ఒంట్లోకి చేరి, మాంసం, చేపలు, గుడ్లు, పాల రూపంలో మనకు వస్తుంది. ఆకుకూరల్లో లేదు, పప్పుల్లో లేదు, బాదంలో లేదు, అక్రోటులోనూ లేదు. స్పైరులినా అనే నాచుపొడిలో బోలెడంత ఉందని అమ్ముతారు. అందులో ఉన్నదానిలో ఎక్కువభాగం మన ఒంటికి పనికిరాని నకలు. మనిషికి రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. గ్రాములో పదిలక్షలవ వంతు అంటే ఎంతో ఊహించండి. ఆ కాస్తా లేకపోతే నరాల చుట్టూ ఉండే రక్షణపొర చెడుతుంది, రక్తకణాలు సరిగా పుట్టవు, ఆలోచన మందగిస్తుంది, మనసు కుంగుతుంది. కొందరిలో లేనిపోని అనుమానాలూ భ్రమలూ మొదలవుతాయి. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడే నిల్వ ఉంటుంది గనుక లోపం ఒక్కరోజున బయటపడదు. మెల్లగా, ఏళ్ళ తరబడి, వయసుతోపాటు వచ్చినట్టే వస్తుంది. అందుకే వయసు మీద నేరం మోపడం మనకు అంత సులువు.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పకుండా ముందుకు పోలేను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది కొన్ని రకాల రక్తహీనతకు అద్భుతంగా పనిచేసింది. కొద్దికాలానికే వైద్యులకు ఒక విపరీతం కనిపించింది. బి12 లోపంతో వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతోంది, నరాలు మాత్రం చెడిపోతూనే ఉన్నాయి. బి12ను విడదీయడం 1948లో జరిగింది, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ రెండు బృందాలు ఆ పని చేశాయి. అదే ఏడాది సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ విటమిను నిర్మాణాన్ని ఛేదించిన డోరతీ హాడ్జ్‌కిన్‌కు 1964లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీరసంగా ఉందన్న పెద్దావిడకు మందుల దుకాణంలో ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ ఉన్న బలం మాత్రలు కొని తెచ్చి చేతులు దులుపుకోవడం మనకు ఇప్పటికీ అలవాటు. రక్తపరీక్షలో అంకె పెరుగుతుంది. ఇంట్లో అందరూ సంతోషిస్తారు. నరాల సంగతి ఎవరూ అడగరు.

ఇక మన ఇళ్ళలోకి వద్దాం. శాకాహారుల ఇళ్ళలో బి12 వచ్చే దారి ఒక్కటే, పాలు. ఒక పెద్ద గ్లాసు పాలలో ఒక మైక్రోగ్రాముకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే రోజుకు రెండు గ్లాసుల పాలో, అంతకు సరిపడే గట్టి పెరుగో కడుపులో పడాలి. పెద్దవాళ్ళకు దక్కేదేమిటి? పొద్దున కాఫీలో రెండు చెంచాల పాలు. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ, దానికి కారణం 'పెరుగు కఫం చేస్తుంది'. మిగతా పెరుగు పిల్లలకు, ఉద్యోగానికి పోయే కొడుక్కి. ఇది ఎవరో దుర్మార్గంగా చేసే పని కాదు; వడ్డించేది చాలాచోట్ల ఆవిడే, తీసేసుకునేదీ ఆవిడే. మాంసాహారుల ఇళ్ళలో పరిస్థితి మెరుగని అనుకోనక్కరలేదు. పళ్ళు ఊడినవారికి మాంసం నమలడం అయ్యే పని కాదు. పులుసు పోసి ముక్క మనవడికి ఇస్తారు. మాంసం పండగకూ పబ్బానికీ మాత్రమే చూసే ఇళ్ళు ఎన్ని లేవు? ఒక కోడిగుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటుంది. ఆ గుడ్డు కూడా 'వేడి చేస్తుంది' అన్న ముద్రతో ముసలివారి కంచం దాకా రాదు.

తిన్నది కూడా ఒంటికి పట్టాలి కదా. ఆహారంలోని బి12ను విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. వయసు మళ్ళినకొద్దీ చాలామందిలో జీర్ణాశయపు లోపలిపొర పలచబడి ఆ ఆమ్లం తగ్గుతుంది. దానికితోడు గ్యాసు మాత్ర. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ రకాలు ఉన్న ఆమ్లాన్ని మరింత తగ్గిస్తాయి. ఏదో వారం రోజులకని వ్రాసిన మాత్రను ఏడెనిమిదేళ్ళుగా పరగడుపున మింగుతున్నవారు నాకు తెలిసినవారిలోనే అరడజను మంది ఉన్నారు. దానిపైన చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్. అది మంచి మందే, మానమని ఎవరికీ చెప్పను. కానీ అది బి12 ఒంటబట్టడాన్ని తగ్గిస్తుందని 1971లోనే వైద్యపత్రికల్లో వచ్చింది. 2022లో బ్రిటనులోని మందుల నియంత్రణ సంస్థ, ఈ మందు వాడేవారిలో లోప లక్షణాలుంటే బి12 పరీక్ష చేయించాలని వైద్యులను ప్రత్యేకంగా హెచ్చరించింది. శాకాహారం, వయసు, గ్యాసు మాత్ర, చక్కెర మాత్ర. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలవడం మన ఊళ్ళలో అరుదైన విషయమా? నాకైతే అది సగటు తెలుగు బామ్మగారి చిత్రపటంలా కనిపిస్తోంది.

మా మేనత్త ఒకావిడ ఉన్నారు. మామయ్య పోయాక పదకొండేళ్ళుగా ఒంటరిగానే ఉంటున్నారు, గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నంలో. పిల్లలిద్దరూ సముద్రాల అవతల. శనివారం ఒంటిపూట, ఏకాదశికి ఉపవాసం, మిగతా రోజుల్లో రాత్రి ఫలహారం. ఫలహారమంటే ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కూరేం చేశావత్తయ్యా అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు, 'ఒక్కదానికి కూరేమిటిరా, పచ్చడేసుకున్నా'. మూడేళ్ళ కిందట ఆవిడ పాలవాడికి ఒకే నెలలో రెండుసార్లు డబ్బిచ్చారు. తర్వాత గుడి నుంచి ఇంటికి వచ్చే దారి ఒకసారి తప్పారు. తర్వాత గోడ పట్టుకోకుండా నడవలేకపోయారు. ఫోనులో కొడుకు అన్నమాట నేను విన్నాను: 'అమ్మకి చాదస్తం ముదిరింది'. అక్కడి వైద్యుడొకాయన వయసు ప్రభావమని చెప్పి నిద్రమాత్ర వ్రాసిచ్చాడు. నిద్రమాత్రతో అయోమయం రెట్టింపయింది. చివరికి పక్కింటావిడ, ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు, పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే బి12 ఉండవలసిన కనీస పరిమితిలో సగం కూడా లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండు నెలలకు నాలుక మంట పోయింది, ఆరు నెలలకు గోడ వదిలి నడిచారు. లెక్కలు మళ్ళీ తనే చూసుకుంటున్నారు. అంతా తిరిగి రాలేదు. కాళ్ళ తిమ్మిరి ఉండిపోయింది, కొత్తవారి పేర్లు నిలవడం లేదు. ఆలస్యమైనకొద్దీ తిరిగి రానిది పెరుగుతుందని వైద్యులంటారు. ఆవిడ నడక తడబడిన ఆ ఏడాదిన్నరలో కొడుకు పంపిన బాదంపప్పు డబ్బాలు అటకమీద ఆరు ఉన్నాయి, మూత తీయనివి. నమలడానికి పళ్ళుండాలి కదా.

మీలో కొందరు ఇప్పటికే వ్యాఖ్య వ్రాయడానికి సిద్ధమవుతున్నారని నాకు తెలుసు. 'మా తాతగారు తొంభై రెండేళ్ళు శుద్ధ శాకాహారంతో బతికారు, ఏ మాత్రా వేసుకోలేదు, చివరిదాకా పంచాంగం చెప్పారు'. సంతోషం. ఆయన ఇంట్లో పాడి ఉండేదా? పూటకు ఎంత గడ్డపెరుగు వేసుకునేవారు? మెట్‌ఫార్మినూ గ్యాసు మాత్రా మింగేవారా? అన్నిటికన్నా ముఖ్యం, ఆయన కంచం ఎప్పుడైనా చివరగా వడ్డించారా? అదే ఇంట్లో మీ బామ్మగారు ఎలా పోయారో కూడా వ్రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. తొంభై రెండేళ్ళ తాతగార్లు కథల్లో మిగులుతారు. అరవై ఎనిమిదేళ్ళకే మనుషులను గుర్తుపట్టడం మానేసి గదిమూల కూర్చున్న బామ్మలు కథల్లోకి రారు.

భారతదేశంలో అరవై దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు నూటికి 7.4 మంది అనీ, అంటే సుమారు 88 లక్షల మంది అనీ 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువ. దీనికి చదువు లేకపోవడంతో సహా కారణాలు చాలా ఉంటాయి. తిండి ఒక్కటే కాదు. బి12 ఇస్తే ఆల్జైమర్ జబ్బు నయం కాదు. లోపం లేనివారికి ఇంజెక్షన్లు పొడిస్తే మతి పదునెక్కదు. కానీ మతిమరుపుతో వచ్చిన ప్రతి పెద్దమనిషికీ ముందు చూడవలసిన సరిదిద్దదగ్గ కారణాల పట్టికలో బి12, థైరాయిడు, సోడియం ఉంటాయని వైద్యవిద్యార్థికి కూడా తెలుసు. ఇంటికే తెలియదు.

సోడియం అన్నాను కనుక రెండు ముక్కలు. రక్తపోటుకు ఉప్పు తగ్గించాలి. ఊరగాయతో అన్నం తినే మన జాతికి ఇది ఎంత చెప్పినా తక్కువే. అయితే కొన్ని రక్తపోటు మాత్రలు ఒంట్లోని సోడియాన్ని బయటికి పంపుతాయి. ఆ మాత్ర వేసుకుంటూ, ఉప్పు పూర్తిగా మానేసి, అన్నం సగం మానేసి, మంచిదని చెంబులకొద్దీ నీళ్ళు తాగే ముసలివారికి ఒకరోజు ఉన్నట్టుండి మాట తడబడుతుంది. దాన్నీ చాదస్తమంటారు, లేదా గాలి సోకిందంటారు. చక్కెర తగ్గించే కొన్ని మాత్రలు వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉండటం ఇంకో ప్రమాదం. చక్కెర మరీ పడిపోతే మెదడుకు మొదటి దెబ్బ. ఉపవాసం ఉండదలచినవారు మాత్ర సంగతి ముందుగా వైద్యుణ్ణి అడగాలి, అంతే. దేవుడు ఏమీ అనుకోడు.

ఇప్పుడు ఆ పది ఆహారాల జాబితా దగ్గరికి వస్తాను. జింకో అనే చెట్టు ఆకుసారం మతిమరుపును ఆపుతుందని ప్రపంచమంతా కొన్నది. అమెరికాలో మూడువేల పైచిలుకు వృద్ధులమీద ఏళ్ళతరబడి పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. డిమెన్షియాను అది ఆపలేదు. మైండ్ డైట్ అని 2015లో షికాగో పరిశోధకులు ప్రతిపాదించిన ఆహారపద్ధతి ఉంది. ఆకుకూరలు, గింజలు, చిరుఫలాలు, చేపలు ఎక్కువ. వెన్న, మిఠాయి తక్కువ. చక్కని భోజనమే. దాన్ని 604 మందిమీద మూడేళ్ళు పరీక్షిస్తే, 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం, మామూలుగా కాస్త తగ్గించి తిన్నవారికీ వీరికీ జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇక సరస్వతి ఆకు, బ్రాహ్మి. అవి రెండూ వేర్వేరు మొక్కలన్న సంగతి కూడా జాబితా వ్రాసినవారికి తెలియదు, ఒకదాని బొమ్మ కింద మరొకదాని పేరు పెట్టారు.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం డిమెన్షియాకు మార్చగలిగిన కారణాలు పద్నాలుగు చెప్పింది. చదువు లేమి, వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, రక్తపోటు, చక్కెర జబ్బు, కొలెస్టరాలు, పొగతాగడం, ఒంటరితనం, కుంగుబాటు వగైరా. ఆ పద్నాలుగింటిలో ఏ ప్రత్యేక ఆహారం పేరూ లేదు. తిండి అక్కడికి చేరేది రక్తపోటు ద్వారా, చక్కెర ద్వారా, కొలెస్టరాలు ద్వారా. ఫిన్లండులో 1260 మంది వృద్ధులకు రెండేళ్ళపాటు తిండి, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు మీద నిఘా, అన్నీ కలిపి అమర్చిపెట్టినప్పుడు మేలు కనిపించింది. అది 2015లో వెలువడింది. అమర్చిపెట్టేవారు ఒకరున్నారని గమనించండి. డబ్బాలో పోసి పార్సెలు చేయగలిగినది కాదు.

అందుకే నాకు ఈ జాబితాలంటే ఒళ్ళుమంట. వాటిలో ఉన్న పసుపూ బాదమూ ఎవరికీ చెరుపు చేయవు. కానీ ఏదో ఒకటి చేశామన్న తృప్తిని అవి పంపినవారికి ఇచ్చేస్తాయి. అవతల ఉన్న మనిషి ఏం తింటోందన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. వారానికోసారి ఫోనుచేసి 'తిన్నావా అమ్మా?' అంటాం. 'తిన్నాన్రా' అంటుంది. అబద్ధం కాదు, తిన్నది. పచ్చడి మెతుకులు తిన్నది. వయసు పైబడినవారికి తిండి తక్కువ చాలునన్నది సగం నిజమే. శక్తి కొంచెం తక్కువ చాలు, మాంసకృత్తులు తక్కువ చాలవు. వృద్ధుల పోషణ మీద పనిచేసే నిపుణులు కిలో బరువుకు ఒక గ్రాము, అంతకు కాస్త పైన ఉండాలంటున్నారు. యాభై కిలోల మనిషికి యాభై, అరవై గ్రాములు. మజ్జిగన్నంలో అది ఎన్ని ఆమడల దూరంలో ఉందో లెక్కవేసుకోండి. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూత్రాల్లో వృద్ధుల కోసం ప్రత్యేకంగా ఒక సూత్రం ఉంది. వారి ఆహారంలో పోషకాలు దండిగా ఉండాలని. మన ఇళ్ళలో పెద్దతనానికి నిర్వచనం దానికి సరిగ్గా వ్యతిరేకం. వైరాగ్యం కంచంలోనే మొదలవ్వాలని, ముఖ్యంగా భర్త పోయిన స్త్రీ కంచంలో మొదలవ్వాలని, ఎవరూ నోటితో అనకుండానే అందరం ఒప్పేసుకున్నాం.

వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు మరోలా అడిగి చూడండి. పొద్దున ఏం తిన్నావు, పెరుగా మజ్జిగా, పప్పు వండుకుని ఎన్నాళ్ళయింది, నమలగలుగుతున్నావా, నాలుక మండుతోందా, కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా, పరగడుపు మాత్ర ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నావు. విసుక్కుంటారు. 'ఇదేం చాదస్తంరా నీకు' అని మనల్నే అంటారు. అననివ్వండి. మందుల చీటీ ఫొటో తీసి పంపమనండి. సంవత్సరానికొకసారి ఎలాగూ చేయించే రక్తపరీక్షల్లో బి12 పేరు ఉందో లేదో చూడండి. చాలాచోట్ల అడిగితే గాని చేయరు.

చివరగా, ఇది శాకాహారం మీద దాడి అనుకునేవారికి. నేనూ శాకాహారినే, మారే ఉద్దేశం లేదు. మా మేనత్త మొదట ఇంజెక్షనుకు ఒప్పుకోకపోవడానికి కారణం, అది మాంసం నుంచి తీస్తారని ఎవరో చెప్పారట. ఒకప్పుడు కాలేయం నుంచి తీసిన మాట నిజమే. ఇప్పుడు మందుల కర్మాగారాల్లో బి12ను తయారుచేసేది బాక్టీరియా, పెద్ద పెద్ద తొట్లలో పులియబెట్టి. ఇడ్లీపిండికి ఉన్నంత మడి దానికీ ఉంది. రోజూ వేసుకోవాలంటే ఇంజెక్షను కూడా అక్కరలేదు. వెయ్యి మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటే, జీర్ణాశయం సహకరించనివారిలో కూడా నూటికి ఒక వంతు దానంతటదే ఒంట్లోకి పోతుంది, రోజుకు కావలసినదానికి అదే ఎక్కువ. ఎంతకాలం, ఏ మోతాదు అన్నది పరీక్ష చూసి వైద్యులు చెబుతారు. ఒక్క జాగ్రత్త, మెత్తటి గొట్టాల్లో వచ్చేవాటికి పై తొడుగు జెలటిన్ కావచ్చు, అది జంతువులదే. పట్టింపు ఉన్నవారు బిళ్ళ అడిగి తీసుకోండి.